పిల్లను దూరం పంపుడు కాదు, వైద్యాన్ని తండా దగ్గరకు తేవాలె

జహీరాబాద్ బస్టాండ్ నుంచి హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం దాకా దాదాపు 100 కిలోమీటర్లు. తండా నుంచి రోడ్డు మీదికి నడక, అక్కడి నుంచి బస్టాండుకు ఆటో, అవి వేరే. కోడి కూసే వేళకు బయల్దేరితేనే ఓపీ చీటీ టైముకు చేరతారు. తిరిగి ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది. ఆ రోజు తల్లి కూలి పోతుంది, తోడు వచ్చిన మనిషి కూలి పోతుంది. డాక్టర్ పదిహేను రోజులకో నెలకో మళ్ళీ రమ్మంటాడు. రెండోసారి ఎంతమంది పోగలరో, మూడోసారికి ఎంతమంది మిగులుతారో మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు ఆ పేషెంటు పద్నాలుగేళ్ళ పిల్ల అనుకోండి. గురుకులంలో ఎనిమిదో తరగతి చదువుతోంది. రెండు నెలల నుంచి నిద్ర లేదు, తిండి సగమైంది, ఎవరితోనూ మాట లేదు. ఆమె విషయంలో మన దగ్గర జరిగేది రెండే రెండు. ఒకటి, బ్యాగు సర్ది ఇంటికి పంపుతారు. రెండు, ముదిరేదాకా చూసి ఎర్రగడ్డకు పంపుతారు. అప్పటికి తండా అంతా 'పిచ్చాసుపత్రికి తీస్కపోయిన్రు' అని చెప్పుకుంటుంది. ఈ రెండింటికీ మధ్య ఉండాల్సిన వైద్యం ఎక్కడ? పిల్ల ఉన్న చోటికి, పిల్ల మాట్లాడే భాషలో, పిల్ల బతుకు తెలిసిన మనిషి చేతుల మీదుగా అందే వైద్యం ఎక్కడ? మన ఉద్యమాల డిమాండ్ల జాబితాలో దానికి చోటు ఎందుకు దొరకలేదు? ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నది దీని గురించే.

ఇది పెద్దింటి పిల్లల జబ్బు అనుకునేవాళ్ళకు ముందుగా కొన్ని లెక్కలు చెప్పాలి. 10 నుంచి 19 ఏళ్ళ వయసున్న ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి చికిత్స అవసరమైన సమస్య ఉన్నట్టు తేలింది. అంటే నలభై మంది ఉన్న క్లాసులో ముగ్గురు. ఆ సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. అందులో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. మన పిల్లల్ని ఆ సర్వే లెక్కే పెట్టలేదు. లెక్కలో లేనివాళ్ళకు బడ్జెట్ రాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

ఇంకో సంగతి వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అని కేంద్ర ప్రభుత్వానిది ఒకటుంది. పెద్ద ఆసుపత్రుల చుట్టూ జనం తిరిగే పని లేకుండా జిల్లాలో, మండలంలో, పీహెచ్‌సీలో మానసిక వైద్యం అందించాలన్నది దాని ఉద్దేశం. 1996లో దేశంలో నాలుగే నాలుగు జిల్లాల్లో దాన్ని మొదలుపెట్టారు. అస్సాంలో నాగావ్, రాజస్థాన్‌లో సీకర్, తమిళనాడులో తిరుచిరాపల్లి, నాలుగోది మన మెదక్. 2016లో సంగారెడ్డి జిల్లా అయ్యేదాకా జహీరాబాద్ మెదక్ జిల్లాలోనే ఉంది. అంటే దేశంలో అందరికంటే ముందు ఇంటి దగ్గర మానసిక వైద్యం రావాల్సిన గడ్డ మనది. దాదాపు ముప్పై ఏళ్ళయింది. మీ తండాలో ఎంతమంది ఆ కార్యక్రమం పేరు విన్నారో ఒకసారి అడిగి చూడండి.

మన పిల్లల మనసు ఎక్కడ నలుగుతోంది

పిల్లల మనసు గాలిలో చెడిపోదు. దానికి కారణాలు ఉంటాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ పక్క తండాల్లో ఆ కారణాలు కళ్ళకు కనబడేవే.

మొదటిది వలస. దసరా దాటిందంటే చెరుకు కోతలకు బండ్లు కదులుతాయి. ఆడ, మగ జంటగా పోతేనే మేస్త్రి అడ్వాన్స్ ఇస్తాడు. కొందరు కర్ణాటకకు, కొందరు మహారాష్ట్రకు, కొందరు ఇక్కడి చెరుకు తోటలకే. ఉగాది దగ్గరపడేదాకా ఇంట్లో అమ్మా బాపూ ఉండరు. పసివాళ్ళను వెంట తీసుకుపోతారు, బడికి పోయేవాళ్ళను అవ్వ దగ్గరో హాస్టల్‌లోనో వదిలిపోతారు. సంవత్సరంలో సగం రోజులు తల్లి ముఖం చూడని పిల్లకు కడుపులో నొప్పి వస్తే అది ఏ నొప్పో స్కానింగ్‌లో దొరకదు.

రెండోది కల్తీ కల్లు. అల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు మన పాత మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎన్ని ఇళ్ళు కూల్చిందో చెప్పనక్కర్లేదు. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా అది ఆగిపోతే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి. 2015లో నిజామాబాద్ వైపు కల్తీ మీద దాడులు జరిగినప్పుడు ఇట్లాంటి పేషెంట్లతో ఆసుపత్రులు నిండాయి. ఆ ఇంట్లో ఒక మూల కూర్చుని ఇదంతా చూసిన పిల్లవాడి గురించి ఎవరు రాశారు? బాపు అరుస్తూ కింద పడి కొట్టుకుంటుంటే చూసిన కళ్ళు రాత్రి ఎట్లా మూతపడతాయి?

మూడోది భాష. తండాలో పుట్టిన పిల్ల ఇంట్లో గోర్ బోలి మాట్లాడుతుంది. బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్, జహీరాబాద్ అంగడిలో ఉర్దూ, కన్నడ, మరాఠీ కూడా చెవిన పడతాయి. 2011 జనగణనలో 32 లక్షలకు పైగా మంది లంబాడీని మాతృభాషగా చెప్పుకుంటే దాన్ని హిందీ కింద వేసి లెక్కపెట్టారు. ఎనిమిదో షెడ్యూల్‌లో దానికి చోటు లేదు. చదువు పరాయి భాషలో అయినా నేర్చుకోవచ్చు, మనలో చాలామందిమి నేర్చుకున్నాం. ఏడుపు మాత్రం సొంత భాషలోనే వస్తుంది. పిల్ల లోపల ఏముందో చెప్పడానికి ఆమె దగ్గర ఉన్న మాటలు ఒక భాషవి, వినేవాళ్ళ చెవులు ఇంకో భాషవి.

నాలుగోది హాస్టల్. దీని గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో పీవీ నరసింహారావు ప్రభుత్వం మొదటి గురుకులం పెట్టింది. ఆ తర్వాత వచ్చిన గురుకులాలు, ఆశ్రమ పాఠశాలలు, కస్తూర్బాలు లేకపోతే నాలాంటివాళ్ళం డిగ్రీ మొహం చూసేవాళ్ళమే కాదు. అమ్మానాన్నలు సీటు కోసం పరీక్ష రాయించి, దేవుడికి మొక్కి మరీ పంపుతారు. కాబట్టి హాస్టళ్ళు మూసేయాలని నేను అనను, ఎవరైనా అంటే ఒప్పుకోను. కానీ పదేళ్ళ పిల్లను ఐదో తరగతిలో ఇంటి నుంచి తీసుకొచ్చి వందల మంది మధ్య పెట్టినప్పుడు ఆమె అన్నానికి, యూనిఫాంకు, నోట్‌బుక్కులకు లెక్క ఉంది. ఆమె బెంగకు ఏ రిజిస్టరులోనూ కాలమ్ లేదు.

నేను చదివిన హాస్టల్‌లో ఆరో తరగతి పిల్ల ఒకతి రాత్రిళ్ళు పక్క తడిపేది. పొద్దున్నే అసెంబ్లీకి ముందు ఆ దుప్పటి పట్టుకుని అందరి ముందు నిలబడమనేవారు. సిగ్గుతోనైనా మానుతుందని వాళ్ళ నమ్మకం. ఆమె మానలేదు, రాత్రి నీళ్ళు తాగడం మానేసింది. తర్వాత అన్నం కూడా మానేసింది. దసరా సెలవులకు పోయి మళ్ళీ రాలేదు. టీసీ తీసుకున్నారని తర్వాత తెలిసింది. అది ఏ హాస్టల్ అన్నది ముఖ్యం కాదు. పక్క తడపడం పెద్ద ఆందోళనకు గుర్తు కావచ్చనీ, దండిస్తే పెరుగుతుందనీ తెలిసిన మనిషి ఆ క్యాంపస్‌లో ఒక్కరు ఉంటే ఆమె ఈ రోజు ఎక్కడ ఉండేదో అన్నదే ముఖ్యం. ఇది చదువుతున్న మీలో హాస్టల్‌లో చదివినవాళ్ళుంటే, మీ బ్యాచ్‌లో అట్లా మాయమైన పేర్లు ఒకటో రెండో మీకూ గుర్తొస్తాయి.

అడ్మిట్ చేస్తే సరిపోతుందా?

కొందరు మిత్రులు అంటారు: 'పిల్లల కోసం ప్రత్యేకంగా పెద్ద ఆసుపత్రి కట్టమందాం, అక్కడే ఉంచి చూస్తారు.' మంచి ఉద్దేశమే. కొందరు పిల్లలకు అది తప్పనిసరి కూడా. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, మతి పూర్తిగా తప్పినప్పుడు, రోజుల తరబడి తిండి ముట్టనప్పుడు ఆసుపత్రిలో ఉంచి చూడాల్సిందే. అట్లాంటి పిల్లను పెద్దవాళ్ళ వార్డులో వేయకుండా విడిగా ఉంచే పడకలు కావాల్సిందే.

కానీ ఇంటికి దూరంగా, తలుపుల వెనక పిల్లల్ని ఉంచి 'బాగుచేస్తాం' అన్న చోట్ల ప్రపంచంలో ఏం జరిగిందో మనం మరవొద్దు. కెనడాలో అక్కడి ఆదివాసుల పిల్లలు దాదాపు 1,50,000 మందిని రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టి భాష మాన్పించారు, కొట్టారు, ఎందరో తిరిగి ఇల్లు చేరలేదు. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అమెరికాలో దారి తప్పిన టీనేజర్లను బాగుచేస్తామనే ప్రైవేటు రెసిడెన్షియల్ కేంద్రాల మీద 2024లో సెనేట్ కమిటీ విచారణ నివేదిక ఇచ్చింది. కట్టేయడం, కొట్టడం, లైంగిక వేధింపులు అందులో ఉన్నాయి. ఆ ఏడాది చివర్లో వాళ్ళు చట్టం చేసుకున్నారు. మన పక్కనే తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న 25 మందికి పైగా మానసిక రోగులు కదలలేక కాలిపోయారు. వాళ్ళను అక్కడ వదిలింది శత్రువులు కాదు, ఇంటి దగ్గర వైద్యం దొరకని కుటుంబాలు.

అందుకే 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో గట్టిగా రాసింది. 2018 నుంచి అది అమల్లో ఉంది. మనవాళ్ళు అటవీ హక్కుల చట్టం సెక్షన్లు నోటికి చెప్పినట్టు ఈ చట్టం సెక్షన్లు కూడా చెప్పగలగాలి. నాలుగు గుర్తుపెట్టుకుంటే చాలు.

సెక్షన్ 18: ప్రభుత్వ మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు. పిల్లలకు ప్రత్యేక సేవలు ఉండాలి. వైద్యం కోసం ఎవరూ చాలా దూరం పోవాల్సిన అవసరం రాకూడదు, ఉన్న చోటికి దగ్గరలో దొరకాలి. జిల్లాలో కనీస ప్రభుత్వ సేవలు లేకపోతే అదే జిల్లాలో వేరే చోట వైద్యం చేయించుకోవచ్చు, ఆ ఖర్చు ప్రభుత్వానిదే.

సెక్షన్ 87: పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల్ని అడ్మిట్ చేయడం అరుదైన పరిస్థితుల్లోనే. ఒక్క డాక్టర్ మాట సరిపోదు, ఇద్దరు పరీక్షించాలి, అందులో మానసిక వైద్యుడు తప్పనిసరి. ఇంటి దగ్గర, సమాజంలో ఉంచి చూసే దారులు పనికిరావని తేలాలి. పెద్దవాళ్ళతో కలపకుండా విడిగా ఉంచాలి. పిల్ల ఉన్నన్ని రోజులూ తల్లో తండ్రో లేదా సంరక్షకులో వెంట ఉండాలి. నెల దాటితే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు పరిశీలించాలి.

సెక్షన్ 95: ఎవరినీ ఏ రకంగానూ గొలుసులతో కట్టేయకూడదు.

సెక్షన్ 115: ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. ఆ మనిషికి వైద్యం, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. అట్లాంటి పిల్లకు టీసీ ఇచ్చి గేటు బయట నిలబెట్టే స్కూలు ఈ చట్టం స్ఫూర్తికి అడ్డంగా పోతున్నట్టే.

సెక్షన్ 87లో 'వెంట ఉండాలి' అన్న మాట మళ్ళీ చదవండి. పిల్ల హక్కు కోసం అది చాలా మంచి మాట. కానీ కూలికి పోతేనే పొయ్యి వెలిగే తల్లి మూడు వారాలు ఎర్రగడ్డలో ఎట్లా ఉంటుంది? మేస్త్రి అడ్వాన్స్ తీసుకుని కోతలకు పోయిన తల్లి మధ్యలో ఎట్లా వస్తుంది? ఆమె కూలి డబ్బులు, ఛార్జీలు, ఇంటి దగ్గర మిగతా పిల్లల తిండి ఎవరూ చూడకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. తల్లి రాలేదని 'పిల్ల మీద ప్రేమ లేదు' అని రాసుకుంటారు, అంతే.

దగ్గరలోనే చేయొచ్చని చూపించినవాళ్ళు ఉన్నారు

'డాక్టర్లే లేరు కదా, తండాకు ఎక్కడి నుంచి వస్తారు' అని అధికారులు అడుగుతారు. నిజమే, మన దేశంలో లక్ష మంది జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. పిల్లల స్పెషలిస్టులైతే ఇంకా తక్కువ. కానీ ప్రతి రందికీ డాక్టరే కావాలని లేదు. చాలామంది పిల్లలకు ముందుగా కావాల్సింది నమ్మకంగా వినే మనిషి, ఎప్పుడు డాక్టర్ దగ్గరకు పంపాలో తెలిసిన మనిషి.

బీహార్ నలందా జిల్లాలో 70కి పైగా ప్రభుత్వ హైస్కూళ్ళలో ఒక ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కొన్ని స్కూళ్ళలో పెద్ద డిగ్రీలు లేని స్థానిక యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా పెట్టారు. కొన్నింటిలో అదే పని టీచర్లకు అప్పజెప్పారు. మిగతావాటిని మామూలుగా వదిలేశారు. కౌన్సెలర్లు పిల్లలతో విడిగా మాట్లాడారు, ఫిర్యాదుల పెట్టె పెట్టారు, గోడ పత్రిక నడిపారు, వేధింపుల మీద చర్చలు పెట్టారు. వాళ్ళు ఉన్న స్కూళ్ళలో పిల్లల దిగులు తగ్గింది, కొట్టుకోవడం, ఏడిపించుకోవడం తగ్గింది. టీచర్లకు అప్పజెప్పిన చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

ఎందుకు రాలేదో హాస్టల్‌లో చదివిన మనకు తెలుసు. మార్కులు వేసే మనిషికి, దండించే మనిషికి, స్టడీ అవర్ చూసే మనిషికి పిల్ల తన రహస్యం చెప్పుకోదు. టీచర్లు చెడ్డవాళ్ళని కాదు. పొద్దున ప్రేయర్ నుంచి రాత్రి రోల్ కాల్ దాకా వాళ్ళ మీద ఉన్న భారమే మోయలేనంత. దాని మీద 'మీరే కౌన్సెలర్' అని ఇంకో కాగితం పెడితే ఇద్దరికీ అన్యాయమే.

ఇంకో ఉదాహరణ ఆఫ్రికాలోది. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్కుల బయట చెక్క బెంచీల మీద కూర్చోబెట్టారు. బాధలో ఉన్న మనిషి వచ్చి పక్కన కూర్చుంటే ఆ అవ్వ వింటుంది, ఒక్కో సమస్య విడదీసి దారి వెతకడానికి సాయం చేస్తుంది. అక్కడి జనానికి 'డిప్రెషన్' అన్న మాట పరాయిది. షోనా భాషలో 'ఎక్కువ ఆలోచించడం' అని అర్థం వచ్చే తమ సొంత మాట వాడారు. మనకు రంది లేదా, బెంగ లేదా, పరేషాన్ లేదా? ఆ బెంచీల వైద్యం పనిచేసిందని 2016లో పెద్ద అధ్యయనమే తేల్చింది.

జహీరాబాద్‌లో ఇది కుదరదని ఎవరూ అనలేరు. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. అందులోని దళిత మహిళలు విత్తనాలు దాచారు, కెమెరా పట్టుకుని సినిమాలు తీశారు, 2008లో మాచనూరులో సంఘం రేడియో మొదలుపెట్టారు. బడికి పోని మనుషులు రేడియో నడిపిన గడ్డ ఇది. ఇక్కడి అవ్వలకు, ఇక్కడి డిగ్రీ చదివిన అక్కాచెల్లెళ్ళకు పిల్లల మాట వినడం నేర్పలేమా?

సుప్రీంకోర్టు చెప్పింది, మనం అడగాలి

2023లో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని చనిపోయింది. తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా పోయాడు. ఆ కేసులో 2025 జూలై 25న కోర్టు తీర్పు ఇస్తూ మానసిక ఆరోగ్యం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. చట్టం వచ్చేదాకా పాటించాల్సిన 15 మార్గదర్శకాలు ఇచ్చింది. అవి ప్రైవేటు కోచింగ్ సెంటర్లకే అనుకోకండి. స్కూళ్ళు, కాలేజీలు, రెసిడెన్షియల్ సంస్థలు, హాస్టళ్ళు అన్నీ వస్తాయి. 100 మంది, అంతకంటే ఎక్కువ పిల్లలున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలి. 100 కంటే తక్కువ ఉంటే బయటి నిపుణులతో ఏర్పాటు ఉండాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని చిన్నచూపు చూడకుండా మెలిగేలా వాళ్ళను తయారుచేయాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని విడదీయకూడదు, అందరి ముందు అవమానించకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్‌లో పెద్ద అక్షరాలతో కనబడాలి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా పర్యవేక్షణ కమిటీ ఉండాలి.

మన గురుకులాల్లో 100 మంది లేనిది ఎక్కడ? కాబట్టి ఇది దయ కోసం పెట్టుకునే అర్జీ కాదు, తీర్పు అమలు చేయమని అడగడం. జహీరాబాద్ ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియాలో లేదు. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం లాగా మనకు ఐటీడీఏ ఆఫీసు ముందు కూర్చునే వీలు లేదు. మైదాన ప్రాంత తండాల పిల్లల సంగతి గిరిజన సంక్షేమ శాఖది అని వైద్య శాఖ, వైద్య శాఖది అని సంక్షేమ శాఖ తప్పించుకోకుండా అడగాల్సిన చోటు సంగారెడ్డి కలెక్టరేటే.

అక్కడ మనం పెట్టాల్సిన డిమాండ్లు ఇవి.

1. జహీరాబాద్ ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక ఖాయమైన రోజు పిల్లల మానసిక వైద్యం ఓపీ ఉండాలి. ఆ రోజు బోర్డు మీద రాసి ఉండాలి, మందులు అక్కడే దొరకాలి. సంగారెడ్డిలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడి డాక్టర్లు ఇక్కడికి రావడానికి 50 కిలోమీటర్లే. తల్లీబిడ్డలు పోవడం కంటే ఒక డాక్టర్ రావడం తేలిక.

2. ప్రతి గురుకులంలో, ఆశ్రమ పాఠశాలలో, కస్తూర్బాలో టీచర్ కాని కౌన్సెలర్ ఉండాలి. తండా పిల్లలున్న చోట గోర్ బోలి వచ్చినవాళ్ళకు మొదటి అవకాశం ఇవ్వాలి. చదివి ఖాళీగా ఉన్న మన యువతకు ఇది ఉద్యోగం కూడా.

3. మనసు బాగాలేదని టీసీ ఇవ్వడం ఆపాలి. సెలవు ఇవ్వాల్సి వస్తే తిరిగి చేర్చుకునే తేదీ రాసి ఇవ్వాలి. ఇంటి దగ్గర ఉన్నన్ని రోజులూ ఆశా, ఏఎన్‌ఎం పోయి చూడాలి.

4. కోతలకు పోయిన అమ్మానాన్నలతో పిల్లలు వారం వారం మాట్లాడే ఏర్పాటు హాస్టల్‌లో ఉండాలి. అది శిక్షగా తీసేసే సౌకర్యం కాకూడదు.

5. అడ్మిట్ చేయక తప్పని పిల్లకు జిల్లాలోనే విడి పడకలు, వెంట ఉండే తల్లికి కూలి పరిహారం, తిండి, ఛార్జీలు ఇవ్వాలి.

6. సుప్రీంకోర్టు చెప్పిన జిల్లా కమిటీలో తండాల నుంచి, హాస్టల్ పిల్లల తల్లిదండ్రుల నుంచి మనుషులు ఉండాలి.

మనం చేయాల్సినవి

సర్కారును అడుగుతూనే మన ఇళ్ళలో మొదలుపెట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన పిల్లను ముందు మార్కులు అడగకండి. 'నిద్ర పడుతుందా? ఎవరితో కూర్చుని తింటున్నవ్? ఎవరంటే భయం?' అని అడగండి. తలనొప్పి, కడుపునొప్పి మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ఊరికే కోపం వస్తుంటే, ఇష్టమైన ఆట మానేస్తే, చదువు ఒక్కసారిగా పడిపోతే నటన అనుకోకండి. 'చచ్చిపోతా' అని పిల్ల అంటే అది బెదిరింపు అని కొట్టిపారేయకండి. నేరుగా అడగండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టర్ దగ్గరకు తీసుకుపోండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహే. అడిగితే పిల్లకు గుండె బరువు దిగుతుంది.

హాస్టల్‌లో ఒక పిల్ల ఊగుతూ పడిపోతే వెంట పదిమంది పడిపోయిన వార్తలు మనం చూస్తూనే ఉంటాం. దయ్యం అని భయపడతాం. మన మొక్కులు, మన దేవతలు మనకు బలమే, వాటిని వదలమని ఎవరూ అనట్లేదు. భవానీ మాతకు మొక్కండి, సేవాలాల్‌ను తలుచుకోండి, ఆ తర్వాత ఆసుపత్రికి కూడా పోండి. కొట్టేవాళ్ళ దగ్గరకు, వాతలు పెట్టేవాళ్ళ దగ్గరకు, కట్టేసేవాళ్ళ దగ్గరకు మాత్రం పంపకండి.

14416 రాసి పెట్టుకోండి. అది టెలీ మానస్, 2022 నుంచి నడుస్తోంది. రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. పిల్లల మీద హింస, వేధింపులు ఉంటే 1098. హాస్టల్‌లో పిల్లల చేతిలో ఫోన్ ఉండదు కాబట్టి ఆ నంబరు గోడ మీద, ఫోన్ పిల్లలకు అందే చోట ఉందో లేదో తల్లిదండ్రుల మీటింగ్‌కు పోయినప్పుడు చూసి రండి.

యువజన సంఘాల మిత్రులకు ఒక పని. వచ్చే సోమవారం ప్రజావాణికి పోయినప్పుడు ఈ మూడు ప్రశ్నలు రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. సంగారెడ్డి జిల్లా గురుకులాల్లో ఎన్నింటిలో కౌన్సెలర్ ఉన్నారు? జహీరాబాద్ ఏరియా ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్యం ఏ రోజు? కలెక్టర్ కమిటీ ఎప్పుడు కూర్చుంది, ఏం రాసింది? జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి. వచ్చిన జవాబును తండాలో చదివి వినిపించండి.

మన పెద్దలు భూమి కోసం కొట్లాడారు, మనం చదువు కోసం కొట్లాడినం. హాస్టల్ సీటు వచ్చిందంటే గెలిచినమనుకున్నాం. ఆ సీటులో కూర్చున్న పిల్ల లోపల ఎట్లుందో అడిగే హక్కు కూడా మనదే. చెరుకు బండ్లు కదిలే లోపే అడుగుదాం.